212 రోజుల్లో 47

ఒడిశాలో ధమ్ర, దేవి, రుషికుల్య నదులు సముద్రంలో కలిసే చోట్ల ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు, తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధం. మొత్తం 212 రోజులు. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసమే పెట్టిన నిషేధం అది. రుషికుల్య మొగ నుంచి తీరం పట్టుకుని దక్షిణానికి వస్తే ఇచ్ఛాపురం దగ్గర రాష్ట్రం మారుతుంది. ఆ తర్వాత బారువ, ఇంకా కిందికి సంతబొమ్మాళి మండలంలో భావనపాడు. రుషికుల్యకూ భావనపాడుకూ మధ్య దూరం వంద కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. ఇక్కడ అమలయ్యే నిషేధం తూర్పు తీరమంతటికీ ఉన్నదే: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు, మరబోట్లకు మాత్రమే. చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టారు తప్ప తాబేలును చూసి కాదు. ఒడిశా వారి 212 రోజులతో ఇది కలిసేది ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకు, 47 రోజులు.

మిగిలిన 165 రోజుల్లో ఏం జరుగుతుందో చూడాలి. నవంబరు నుంచి తాబేళ్లు ఒడ్డుకు దగ్గరగా చేరి జతకడతాయి. జనవరి నుంచి ఆడవి ఇసుక మీదికి రావడం మొదలుపెడతాయి. ఫిబ్రవరి, మార్చి నెలలు గుడ్లకు ముమ్మరమైన కాలం. ఏప్రిల్ 15న మరబోట్లు లంగరు వేసే వేళకు గుడ్లు పెట్టడం చాలావరకు అయిపోతుంది. తల్లులు తిరుగుముఖం పట్టి ఉంటాయి. అంటే మన నిషేధం కాపాడేది ఎక్కువగా పిల్లలను, తిరిగి వెళ్లే తల్లులను. వచ్చే తల్లులకు ఆ రక్షణ అందదు.

తాబేళ్లు ఒడిశావి, ఆంధ్రవి అని వేరువేరుగా ఉంటే ఈ పోలికకు అర్థం ఉండదు. ఉన్నాయా? ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాద్‌లోనే దొరికింది. సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రం (సీసీఎంబీ), డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు కలిసి చేసిన డీఎన్‌ఏ పరిశోధన 2004లో అచ్చయింది. కార్తీక్ శంకర్, లాల్జీ సింగ్, ఆర్.కె. అగర్వాల్, బి.సి. చౌదరి తదితరులు తేల్చింది ఇది: భారత తూర్పు తీరంలోని రిడ్లేలన్నీ తమలో తాము కలిసి జతకట్టే ఒకే సంతతి. లక్షల్లో వచ్చి ఒకేసారి గుడ్లు పెట్టే చోటుకూ, ఒకటీ రెండుగా వచ్చే చోటుకూ జన్యువుల్లో గీత లేదు. వాటిలో దాదాపు 96 శాతం ఒక ప్రత్యేక జన్యుశాఖకు చెందినవి. ఆ శాఖ ప్రపంచంలో మరెక్కడి రిడ్లేల్లోనూ కనిపించలేదు, పక్కనున్న శ్రీలంకలో కూడా. అంతేకాదు, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాల్లోని ఆలివ్ రిడ్లేలకు మూలం హిందూ మహాసముద్రపు శాఖలేనని ఆ పరిశోధన సూచించింది.

ఆ 96 శాతం ఈ తీరం మీద ఎంత బాధ్యత పెడుతుందో చెప్పక్కర్లేదు. భావనపాడు సముద్రంలో చనిపోయే రిడ్లే లోకంలో ఇంకెక్కడి మందతోనూ భర్తీ కాదు. ఇచ్ఛాపురం దగ్గర గీసిన హద్దు తాబేలుకు లేదు. వేట నిబంధనలకూ, గణన పద్ధతికీ మాత్రం ఉంది.

ఒక ఆడ రిడ్లే బరువు 35 నుంచి 50 కిలోలు. ఒక విడతలో 100 నుంచి 120 గుడ్లు పెడుతుంది. ఒక సీజన్‌లో ఒకటి నుంచి మూడు విడతలు. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. ఇసుక వేడి 29 డిగ్రీల చుట్టూ ఉంటే ఆడ, మగ ఇంచుమించు సగం సగం. వేడి పెరిగితే ఆడపిల్లలు ఎక్కువ, తగ్గితే మగపిల్లలు ఎక్కువ. సముద్రంలోకి చేరిన వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒకటి అని శాస్త్రవేత్తలు వాడే స్థూల అంచనా. గుడ్లు పెట్టే వయసు రావడానికి పదిహేనేళ్ల దాకా పడుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. గూటికి 110 గుడ్లు, అందులో 80 శాతం పొదిగాయనుకుంటే 88 పిల్లలు. వెయ్యి పిల్లలు కావాలంటే 11 గూళ్లు దాటాలి. అలా మిగిలే ఒక్కటీ ఆడదో మగదో చెప్పలేం కాబట్టి, ఆడదే కావాలంటే రెట్టింపు, సుమారు 23 గూళ్లు. ఒడ్డున కాపలా కాసి, నక్కలూ కుక్కలూ తవ్వకుండా 23 గూళ్లను కాపాడి, పదిహేనేళ్లు ఆగితే ట్రాల్ వలలో పోయిన ఒక్క తల్లి స్థానం నిండుతుంది. హ్యాచరీల్లో పిల్లలను సముద్రంలోకి వదిలే దృశ్యం మనసుకు ఎంత హాయిగా ఉన్నా, అసలు నష్టం నీళ్లలో జరుగుతున్నంత కాలం ఒడ్డున చేసే పని ఆ వేగాన్ని అందుకోలేదు. ఒడ్డున పనిచేసేవాళ్ల కష్టాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. అది లేకపోతే ఆ గూళ్లు కూడా మిగలవు.

నష్టం ఎంత? అదే 2004 పరిశోధనలో ఒక అంకె ఉంది: అంతకు ముందు పదేళ్లలో ఒడిశా తీరంలో లెక్కకు వచ్చిన రిడ్లే కళేబరాలు లక్షకు పైగా. ఇవి ఒడ్డుకు కొట్టుకొచ్చినవి మాత్రమే. గాలి, ప్రవాహం లోపలికి లాగేసినవి ఏ జాబితాలోకీ ఎక్కవు. 2025 జనవరి నుంచి చెన్నై తీరంలో వెయ్యికి పైగా చచ్చిన తాబేళ్లు కనిపించాయి. ఆ వార్త దేశమంతటికీ తెలిసింది. అదే సీజన్‌లో ఉత్తరాన ఒడిశాలో రుషికుల్య దగ్గర దాదాపు 7 లక్షల తాబేళ్లు, గహిర్మఠలో 6 లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయన్న సంబరం కూడా అంతే తెలిసింది. ఈ రెండు వార్తలూ ఒకే మంద గురించి. మధ్యలో ఉన్న ఆంధ్ర తీరం నుంచి ఈ రెండింటి పక్కన పెట్టి చూడదగ్గ అంకె మాత్రం రాలేదు.

ఏడు లక్షలన్న అంకె ఎలా వస్తుందో తెలుసుకోవడం అవసరం. అన్ని తాబేళ్లనూ ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేరు. ఇసుకతిన్నె మీద నిర్ణీత వెడల్పుతో అడ్డంగా పట్టీలు గుర్తిస్తారు. రాత్రంతా నిర్ణీత వ్యవధుల్లో ఆ పట్టీల మీద నడుస్తూ గుడ్లు పెడుతున్న తాబేళ్లను లెక్కిస్తారు. దాన్ని తిన్నె మొత్తానికీ, వచ్చిన రాత్రులన్నిటికీ హెచ్చిస్తారు. పద్ధతి ఏళ్ల తరబడి మారకపోతేనే ఆ అంచనాకు విలువ. రుషికుల్యలో 2023లో 6.37 లక్షలు, 2024లో సామూహికంగా గుడ్లు పెట్టడమే లేదు, 2025లో దాదాపు 7 లక్షలు. ఒక ఏడాది సున్నా వచ్చిందని మంద అంతరించినట్టు కాదు, మరుసటి ఏడు రికార్డు వచ్చిందని క్షేమంగా ఉన్నట్టూ కాదు. పదిహేనేళ్లకు పెద్దయ్యే జంతువును ఒక్క సీజన్‌తో తూచలేం.

శ్రీకాకుళంలో పరిస్థితి వేరు. జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం. నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం వైపు బాహుదా సముద్రంలో కలుస్తాయి. రిడ్లేకు ఏటి మొగల దగ్గరి ఇసుక ఇష్టం కాబట్టి ఈ తీరం దానికి నచ్చడంలో వింత లేదు. కానీ ఇక్కడ రాత్రికి వేలల్లో రావు, విడివిడిగా వస్తాయి. అటవీశాఖ, చెన్నై కేంద్రంగా పనిచేసే ట్రీ ఫౌండేషన్, మత్స్యకార గ్రామాల యువకులు వేకువజామున ఇసుకలో జాడలు చూసి గూళ్లు గుర్తించి, గుడ్లను హ్యాచరీలకు మారుస్తారు. కాబట్టి మనకు లెక్క గూళ్లలో, గుడ్లలో, వదిలిన పిల్లల్లో వస్తుంది. ఒడిశా చెప్పేది ఆడ తాబేళ్లు, మనం చెప్పేది పిల్లలు. ఈ రెంటినీ ఏ గణితమూ కలపలేదు. కలపాలంటే ఇక్కడ కూడా ప్రతి ఏడూ అదే తేదీల్లో, అదే కిలోమీటర్లు, అదే వేళకు నడిచి, కిలోమీటరుకు ఎన్ని గూళ్లు, ఎన్ని కళేబరాలు అని రాయాలి. తీరమంతా అక్కర్లేదు, పది పన్నెండు ముక్కలు ఎంచుకుంటే చాలు. ఇలాంటి పునాది పని ఒకసారి జరిగింది: 2000-2001 సీజన్‌లో కేంద్ర ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం కలిసి చేపట్టిన సముద్ర తాబేళ్ల ప్రాజెక్టులో భాగంగా బి. త్రిపాఠి, కార్తీక్ శంకర్, బి.సి. చౌదరి ఆంధ్ర తీరాన్ని సర్వే చేశారు. ముఖ్యమైన గూళ్ల చోట్లపై వాళ్ల వ్యాసం 2003లో వచ్చింది. పాతికేళ్ల నాటి ఆ కొలతను ఇప్పుడు అదే పద్ధతిలో మళ్లీ తీస్తే, మంద గురించి ఒడిశా అంకెలు ఒంటరిగా చెప్పలేని సంగతి తెలుస్తుంది.

తాబేలు నీళ్లలో ఎందుకు చస్తుంది? అది ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. ట్రాల్ వలను బోటు రెండు మూడు గంటలు లాగుతుంది. గంట దాటితే లోపల చిక్కినదానికి ప్రాణాపాయం బాగా పెరుగుతుంది. దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. వల గొంతులో ఏటవాలుగా ఇనప కమ్మీల చట్రం బిగిస్తారు. రొయ్యలు, చిన్న చేపలు కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు కమ్మీలకు తగిలి, పక్కనున్న తలుపు తోసుకుని బయటపడుతుంది. దీన్నే టెడ్ (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్) అంటారు. అమెరికా ప్రమాణం ప్రకారం వలలో పడిన నూరు తాబేళ్లలో 97 బయటికి రావాలి. మన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సిఫ్ట్) మన వలలకు, మన చేపలకు తగిన టెడ్ తయారుచేసింది. ఆ సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం కూడా ఉంది.

అయినా బోట్ల మీద టెడ్ అంతగా కనిపించదు. తలుపులోంచి పెద్ద చేప పోతుందన్న భయం ఒకటి. రెండోది డబ్బు లెక్క. టెడ్ లేకుండా పట్టిన సముద్రపు రొయ్యను కొనబోమని అమెరికా 1989లోనే చట్టం చేసింది. దాన్ని ఇండియా, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో సవాలు చేశాయి. 2019లో మన సముద్రపు రొయ్యలకు అమెరికా తలుపు మూసింది. కానీ చెరువు రొయ్యకు ఆ నిషేధం లేదు, దేశంలో చెరువు రొయ్య పెంపకంలో ముందున్నది ఆంధ్రే. ఎగుమతి సొమ్ములో అధిక భాగం చెరువుల నుంచి వస్తుంటే, నిషేధం దెబ్బ మాత్రం విశాఖ ట్రాలర్ల మీద పడింది. బరువు మోసేవాడికీ లాభం అందేవాడికీ పొంతన లేని నియమం పడవ మీద నిలవడం కష్టం.

ట్రాలర్లను మాత్రమే తప్పుపట్టి ఊరుకుంటే కూడా సగం నిజమే. రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టం వచ్చింది 1994లో. దాని కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపలి నీళ్లు సంప్రదాయ పడవలవి, మరబోట్లు దాని ఆవలే వేటాడాలి. రిడ్లేలు జతకట్టేది, గుడ్లకు ముందు కాచుకునేది ఎక్కువగా తీరానికి దగ్గరలో. నియమం దాటి లోపలికి వచ్చిన మరబోటు ప్రమాదమే. అదే నీళ్లలో పెద్ద చేపల కోసం రాత్రంతా వదిలే వలలూ ప్రమాదమే. వలలో పడిన తాబేలును కూర్మావతారమని దండం పెట్టి వదిలే అలవాటు ఈ తీరంలో పాతది. శ్రీకూర్మం ఈ జిల్లాలోనే ఉంది. (ఆ గుడిలో కనిపించే నక్షత్ర తాబేళ్లు నేల మీద బతికేవి, సముద్రపు తాబేళ్లు వేరు.) ఆ భక్తి విలువైనదే. అయితే అది అక్కరకొచ్చేది వల ఎత్తేసరికి ప్రాణంతో ఉన్న తాబేలుకే. తెల్లవారి వల ఎత్తేవాడి చేతికి తరచూ దొరికేది అప్పటికే ఊపిరాడక పోయినది.

మరి 212 రోజుల నిషేధాన్ని శ్రీకాకుళానికి కూడా తెస్తే? ఇక్కడే మనుషుల లెక్క వస్తుంది. 2025 ఏప్రిల్ 26న ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో రాష్ట్ర ప్రభుత్వం వేట నిషేధ భృతిని కుటుంబానికి 20 వేల రూపాయలకు పెంచి ఇచ్చింది. 61 రోజులకు పంచితే రోజుకు దాదాపు 328. అదే రేటుకు మిగతా 165 రోజులకు కుటుంబానికి 54 వేలు కావాలి. పైగా మోటారు లేని సంప్రదాయ పడవలకు ఇప్పుడు నిషేధమే లేదు, వాటినీ కలిపితే రాష్ట్రం భరించాల్సింది ఇంకా ఎక్కువ. ఈ డబ్బు చూపించకుండా తీరమంతా ఏడు నెలలు మూసేయమనడం పల్లెల పొట్ట కొట్టడమే. నాకు సబబుగా తోచేది వేరు: తీరమంతటికీ కాక, గూళ్లు ఎక్కువున్న ఏటి మొగల చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర, జనవరి నుంచి మార్చి నెలాఖరు దాకా, అక్కడ వేటాడే పడవలకు మాత్రం పరిహారం ఇచ్చి విరామం. మూడు నెలలు, నాలుగైదు మొగలు. ఏ మొగలన్నది ఊహించి కాదు, గూళ్ల లెక్క చూసి తేల్చాలి. లెక్క ముందు కావాలనడానికి కారణం ఇదే.

భావనపాడుకు మరో తొందర కూడా ఉంది. ఒకప్పుడు భావనపాడు పోర్టు అని పిలిచిన ప్రాజెక్టుకు మూలపేట పేరుతో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. అంచనా వ్యయం 4,362 కోట్ల రూపాయలు. ఈ తీరంలో అలలు ఇసుకను ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకెళ్తాయి. అడ్డంగా రాతిగోడ కడితే దాని దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన కోత పడుతుంది. విశాఖలో ఓడరేవుకు ఉత్తరాన ఆర్‌కే బీచ్ కోతను నగరమంతా చూస్తూనే ఉంది. మూలపేటకు ఉత్తరాన ఉన్నది బారువ దాకా సాగే గూళ్ల తీరం. ఇసుక కోసుకుపోయి గట్టు నిలువుగా మారితే తాబేలు ఎక్కలేదు. రేవు దీపాల వెలుగును సముద్రం అనుకుని పిల్లలు భూమి వైపు పాకుతాయి. ఒడ్డుకు మరీ దగ్గరగా నాటిన సరుగుడు తోటలు ఇప్పటికే కొన్ని చోట్ల ఆ స్థలాన్ని ఇరుకు చేశాయి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తితలీ లాంటి తుఫాను ఒక్క రాత్రిలో తిన్నె రూపం మార్చగలదు. పోర్టు పని ముగిశాక కొలిస్తే కోత గోడ వల్లనా, తుఫాను వల్లనా అన్నది తేలదు. ముందు తీసిన కొలతలు ఉంటేనే తేలుతుంది.

ఇక రాష్ట్ర సరిహద్దుకు ఆవల సంగతి. ఒడిశాలో ట్యాగు వేసిన రిడ్లేలు శ్రీలంక నీళ్లలో దొరికాయి. ఉపగ్రహ పరికరం అమర్చిన ఒక తాబేలు 2025లో ఒడిశా నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు ఈది 51 రోజులకు ఆంధ్ర తీరానికి వచ్చింది. అంటే రోజుకు దాదాపు 20 కిలోమీటర్లు. అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది 03233 నంబరు ట్యాగు. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దాన్ని 2021 మార్చి 18న ఒడిశాలో వేసింది. 2025 జనవరి 27న మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున ఆ తాబేలు 120 గుడ్లు పెట్టింది, 107 పిల్లలు వచ్చాయి. తూర్పు తీరం, పశ్చిమ తీరం వేరువేరు అనుకున్న లెక్కను 3,500 కిలోమీటర్లు దాటిన ఒక్క తల్లి కదిలించింది. ఒడిశాలో 2021 నుంచి ఇలా దాదాపు 12 వేల తాబేళ్లకు ట్యాగులు వేశారు.

బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలకు ఈ విషయంలో ఒక వేదిక ఉంది. హిందూ మహాసముద్ర, ఆగ్నేయాసియా సముద్ర తాబేళ్ల అవగాహన ఒప్పందం 2001లో అమల్లోకి వచ్చింది. ముప్పైకి పైగా దేశాలు సంతకం చేశాయి, ఇండియా 2007లో చేరింది. చట్టపరంగా కట్టడి చేసే బలం దానికి లేదు. సమాచారం పంచుకోవడం, ఒకే తీరులో లెక్కించడం దాని పని. దేశంలో సముద్ర తాబేళ్ల జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2021లో వచ్చింది. ఆ పత్రాలు పైనుంచి కిందికి వస్తాయి. 03233 కథ కింది నుంచి పైకి నడిచింది: ఒడ్డున ఎవరో ఆ నంబరు చదివారు, రాసుకున్నారు, చెప్పారు.

శ్రీకాకుళం తీరంలో ఆ పని వేటకు వెళ్లేవాళ్లు, ఒడ్డున నడిచేవాళ్లు చేయగలిగినదే. ముందు రెక్క మీద చిన్న లోహపు బిళ్ల ఉంటే తాబేలు బతికున్నంత వరకు దాన్ని ఊడదీయకూడదు. రెండు రెక్కలూ చూడాలి, బిళ్ల రెండు పక్కలా చూడాలి. నంబరు ఒక పక్క, చిరునామా ఒక పక్క ఉండొచ్చు. ఫోటో, తేదీ, చోటు, ఏ వల, ఎంత లోతు అన్నవి రాసి అటవీశాఖ బీట్ అధికారికి చెప్పాలి. వల నుంచి తీసిన తాబేలు కదలకపోతే చచ్చిందని వెంటనే నీళ్లలోకి తోసేయకూడదు. కడుపు కిందికి ఉంచి, వెనుక భాగాన్ని జానెడు ఎత్తున పెట్టి, నీడలో తడిగుడ్డ కప్పి ఉంచితే ఊపిరితిత్తుల్లోని నీరు కారిపోయి కొన్ని గంటల్లో తేరుకోవచ్చు. కొన్నిటికి రోజంతా పడుతుంది. తేరుకున్నాక వలలు లేని చోట, ఇంజను ఆపి, నెమ్మదిగా నీళ్లలోకి జార్చాలి.